ఊక నుంచి వెలుగు - అందులో రైతు వాటా



పంట ఇంటికి చేరిన తరువాత పొలంలోనూ, కళ్లంలోనూ, మిల్లు దగ్గరా మిగిలేది కొంత వుంటుంది. వరిగడ్డి, ఊక, పత్తికట్టె, కందికంప, వేరుశనగ పొట్టు, చెరకు పిప్పి, కొట్టంలోని పేడ - ఇవన్నీ ఆ కోవలోవే. వీటిని మనం ఏనాడూ చెత్త అని పారవేయలేదు. గడ్డి పశువుకు, పేడ పొలానికి, కంప పొయ్యికి, ఊక ఇటుక బట్టీకి - దేని దారి దానికి వున్నది. అయితే వీటిలో దాగివున్న శక్తిని పెద్ద ఎత్తున బయటికి తీసి, కరెంటుగానో, మోటారు చమురుగానో, వంట గ్యాసుగానో మార్చాలనే ప్రయత్నం మన దేశంలో ఎనభై ఏళ్లకు పైబడి సాగుతున్నది.

ఈ పని ఏ ఒక్కరివల్లా అయ్యేది కాదు. సరుకు రైతు దగ్గర వుంటుంది. యంత్రం ఫ్యాక్టరీవారి దగ్గర వుంటుంది. చట్టం చేసే అధికారం, తయారైనదాన్ని కొనిపించే శక్తి ప్రభుత్వం చేతిలో వుంటాయి. అందుచేత మొదటినుంచీ ఇది పొత్తు వ్యవహారమే. ఆ పొత్తులు కూడా ఎక్కువగా రాష్ట్రాల స్థాయిలోనే కుదిరాయి. కొన్ని నిలిచాయి, కొన్ని నాలుగేళ్లు నడిచి మూలపడ్డాయి. ఎందుకు నిలిచాయి, ఎందుకు పడ్డాయి అన్నది తెలుసుకోవలసిన అవసరం నేడు ఎంతైనా వున్నది. ఎందుకంటే అటువంటి ఒప్పందం కాగితం రేపో మాపో మీ వూరికీ రావచ్చు.

పొత్తు అన్న తరువాత మూడు ప్రశ్నలు వేసుకోవాలి. సరుకు ఎవరిది? ధర ఎవరు కడతారు, ఎన్నాళ్లకు కడతారు? నష్టం వస్తే ఎవరు మోస్తారు? ఈ మూడు ప్రశ్నలనూ చేత పట్టుకొని గత చరిత్రను వరసగా చూద్దాం.

చెరకు మడ్డి కథ

1932లో చక్కెర పరిశ్రమకు రక్షణ కల్పిస్తూ చట్టం వచ్చింది. అంతకుముందు దేశం మొత్తంమీద ముప్పై చిల్లరగా వున్న చక్కెర ఫ్యాక్టరీలు కొద్ది ఏళ్లలోనే నూరు దాటాయి. చక్కెరతోపాటు మొలాసిస్ అనే చెరకు మడ్డి కూడా కుప్పతిప్పలుగా వచ్చిపడింది. దాన్ని ఎక్కడ పొయ్యాలో తెలియక గోతుల్లో పోశారు, కాలువల్లో వదిలారు. చుట్టుపక్కల వూళ్లవారు ఆ కంపు భరించలేకపోయారు.

అప్పుడు పక్కపక్కనే వున్న రెండు రాష్ట్రాలు, అంటే ఆనాటి సంయుక్త రాష్ట్రం (నేటి ఉత్తర ప్రదేశ్), బీహారు, కలిసి ఒక కమిటీని వేసుకున్నాయి. మడ్డిని పులియబెట్టి, కాచి, నీరు తీసివేసిన ఆల్కహాలును పెట్రోలులో కలపవచ్చునా అన్నది ఆ కమిటీ విచారించిన విషయం. 1938లో ఆ విచారణ జరిగింది. 1940లో సంయుక్త రాష్ట్రం చట్టం కూడా చేసింది. ఇంతలో యుద్ధం వచ్చి పెట్రోలుకు కటకట ఏర్పడింది. మైసూరు సంస్థానంలో మండ్య, హైదరాబాదు సంస్థానంలో బోధన్ చక్కెర ఫ్యాక్టరీల దగ్గర కూడా ఆల్కహాలు తయారీ సాగింది. నిజాంసాగరం నీటితో చెరకు పండించిన మన రైతులకు బోధన్ పేరు కొత్త కాదు. అక్కడి ఫ్యాక్టరీ 1937లో ఏర్పడింది.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు, 1948లో, కేంద్ర ప్రభుత్వం దేశం మొత్తానికి వర్తించేలా పవర్ ఆల్కహాలు చట్టం చేసింది. కాని చట్టం వున్నా, రానురాను ఆల్కహాలు వేరే దారి పట్టింది. రసాయన పరిశ్రమలవారు కొన్నారు, సారా బట్టీలవారు కొన్నారు. పెట్రోలు చవకగా దొరికినన్నాళ్లు మోటారులో పొయ్యాలన్న తొందర ఎవరికీ లేకపోయింది. ఆ చట్టాన్ని చివరకు 2000 సంవత్సరంలో రద్దు చేశారు.

ఇక మన మొదటి ప్రశ్న వేసి చూడండి. మడ్డి ఎవరిది? చెరకు తోలిన రైతుకు చెరకు ధర ముట్టింది, అంతటితో సరి. మడ్డి ఫ్యాక్టరీవారిది. దాని ధరను 1961 నుంచి 1993 దాకా ప్రభుత్వమే ఒక ఉత్తర్వు కింద అదుపు చేసింది. మడ్డి ధర పెరిగినా తరిగినా ఆ సంగతి రైతు దాకా వచ్చేది కాదు. ఇంధనం పుట్టింది అతని చేలో. ఒప్పందంలో మాత్రం అతని పేరు లేదు. ఈ లోపాన్ని పట్టించుకున్నది చాలాకాలానికి. 2012లో రంగరాజన్ కమిటీ, చక్కెరతోపాటు పిప్పి, మడ్డి, మడ్డిబురద వంటివాటి మీద వచ్చే ఆదాయంలో కూడా లెక్క చూసి, మొత్తంలో నూటికి 70 వంతులు చెరకు రైతుకు చెందాలని సిఫారసు చేసింది. ఆ మరుసటి ఏడు, 2013లో, కర్ణాటక, మహారాష్ట్ర రాష్ట్రాలు ఆదాయం పంపకాన్ని గురించి చట్టాలు చేసుకున్నాయి. 1938 నుంచి 2013 దాకా లెక్క వేస్తే 75 ఏళ్లు. మొదటి కాగితం మీద రాసుకోనిదాన్ని తరువాత రాయించుకోవడానికి పట్టిన కాలం అది.

పేడ గ్యాసు

రెండవ కథ పేడది. 1939లో ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధనాలయంలో ఎస్.వి. దేశాయి పేడనుంచి గ్యాసు తీసే ప్రయోగాలు చేశారు. 1950ల మొదట్లో జష్‌భాయి పటేల్ 'గ్రామలక్ష్మి' అనే నమూనా తయారుచేశారు. 1960ల మొదట్లో ఖాదీ గ్రామోద్యోగ సంఘంవారు దాన్ని చేపట్టి పల్లెలకు తీసుకుపోయారు. ఇనుప డ్రమ్ము ఖరీదు ఎక్కువ కావడంవల్ల, లక్నోలోని ఉత్తర ప్రదేశ్ ప్రభుత్వ పరిశోధనా విభాగంవారు ఇటుకలతోనే గుమ్మటం కట్టే 'జనతా' నమూనాను 1970ల చివర రూపొందించారు. 1984లో అంతకంటే చవకైన 'దీనబంధు' వచ్చింది. 1981-82లో కేంద్రం జాతీయ పథకం మొదలుపెట్టి రాష్ట్రాల సంస్థల ద్వారా సబ్సిడీ ఇచ్చింది.

ఇందులో లెక్క సులభం. కిలో పచ్చిపేడకు ఇంచుమించు 40 లీటర్ల గ్యాసు వస్తుంది. రెండు ఘనమీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ కావాలి. అంటే నాలుగైదు పశువులుండాలి. గ్యాసు పొయ్యికి పోయిన తరువాత బయటికి వచ్చే మడ్డి పేడకన్న మేలైన ఎరువు. సరుకు ఇంటిది, వాడకం ఇంటిది, ఎరువు పొలానిది. మూడు ప్రశ్నలకూ ఒకే ఇంట్లో జవాబు దొరికింది కాబట్టి ఈ పథకం బతికింది.

అలాగని లోపం లేకపోలేదు. కట్టడానికి సబ్సిడీ దొరికింది గాని, పగిలిన గుమ్మటాన్ని బాగుచేసే మేస్త్రీ చాలాచోట్ల దొరకలేదు. లెక్క చూపించడానికి కట్టిన ప్లాంటు ఒకటి, మూడేళ్ల తరువాత పొయ్యి వెలిగే ప్లాంటు మరొకటి. విస్తరణాధికారులు ఈ తేడాను మరువరాదు.

నాలుగైదు పశువులు లేని ఇంటివారి సంగతి ఏమిటి? ఇక్కడే కర్ణాటకలో తుముకూరు జిల్లా కుణిగల్ తాలూకాలోని పుర అనే చిన్న వూరిని చెప్పుకోవాలి. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో అమూల్య రెడ్డి, వారి సహచరులు రాష్ట్ర ప్రభుత్వపు విజ్ఞాన మండలి తోడ్పాటుతో అక్కడ వూరంతటికీ కలిపి ఒక గోబర్ గ్యాసు కేంద్రం పెట్టారు. మొదట వంటకు గ్యాసు ఇవ్వాలనుకున్నారు. పేడ చాలలేదు, పథకం నిలవలేదు. వారు వూరివారిని అడిగారు. మాకు మొదట కావలసింది మంచినీళ్లు అన్నారు. 1987 నుంచి అదే గ్యాసుతో ఇంజను నడిపి, బోరునుంచి నీళ్లు తోడి కుళాయిలకు ఇచ్చారు, ఇళ్లకు దీపాలు పెట్టారు.

పేడ తెచ్చినవారికి కిలోకు రెండు పైసల చొప్పున ఇచ్చేవారు. తూకం వేసి తీసుకున్నారు. తెచ్చిన పేడకు తగినంత ఎరువును తిరిగి ఇచ్చేశారు. నిర్వహణ వూరి సంఘానిదే. రెండు పైసలు పెద్ద డబ్బు కాదు. కాని తూకం వుండడంవల్ల ఎవరి సరుకు ఎంతో తేలింది. ఎరువు తిరిగి రావడంవల్ల పొలానికి లోటు రాలేదు. ఈ రెండు ఏర్పాట్లతో ఆ కేంద్రం ఏళ్ల తరబడి నడిచింది.

ఊక, తుమ్మకంపల కరెంటు

ఇప్పుడు మన రాష్ట్రానికి వద్దాం. సంప్రదాయేతర ఇంధనాల అభివృద్ధికి ఆంధ్ర ప్రదేశ్‌లో నెడ్‌క్యాప్ అనే ప్రభుత్వ సంస్థ 1980లలో ఏర్పడింది. 1997 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వు చేసింది. ఊక, కంప, పిప్పి వంటివాటితో తీసిన కరెంటును యూనిట్ 2 రూపాయల 25 పైసలకు కొంటామని, 1994-95ను మూలంగా పెట్టుకొని ఏటా నూటికి 5 వంతులు పెంచుతామని అందులో చెప్పింది. ఆ మాటమీద ప్రైవేటువారు ముందుకు వచ్చి, అయిదారు మెగావాట్ల చిన్న కేంద్రాలు చాలా జిల్లాల్లో కట్టారు. ఈ విషయంలో మన రాష్ట్రం కొంతకాలం దేశంలో ముందు వరసన నిలిచింది.

ఒక్కొక్క కేంద్రానికి ఎంత సరుకు కావాలో చూడండి. యూనిట్ కరెంటుకు ఇంచుమించు కిలోంబావు కంప కాలుతుంది. 6 మెగావాట్ల కేంద్రం ఏడాదిలో 7,000 గంటలు నడిస్తే 4 కోట్ల 20 లక్షల యూనిట్లు. అంటే 50 వేల టన్నులకు పైగా సరుకు. దీన్ని చుట్టూ ముప్పై నలభై కిలోమీటర్లలోనే సేకరించాలి. అంతకు మించితే లారీ కిరాయి సరుకు ధరను మింగేస్తుంది. ఒకే చోట రెండు మూడు కేంద్రాలు లేస్తే ఏమవుతుంది? ఊకకు పోటీ వస్తుంది, ధర లేస్తుంది. మొదట్లో తీసుకుపొమ్మని బతిమాలిన మిల్లువారే తరువాత ధర కట్టి అమ్మసాగారు. సర్కారు తుమ్మ కొట్టే కూలీలకు పని దొరికింది, ఇది మేలే. కాని పత్తికట్టె పీకి, ముక్కలు చేసి, బండికెత్తి తోలే ఖర్చు రైతుకు గిట్టుబాటు కావాలంటే అంత ధర కేంద్రాలవారు ఇవ్వలేకపోయారు. చాలాచోట్ల బేరం మిల్లువారికి, దళారులకు, కేంద్రాలవారికి మధ్యనే సాగింది.

ఇంతలో 2004 మార్చిలో రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ధరలను కొత్తగా నిర్ణయించింది. వెనకటి లెక్క ప్రకారం పెరుగుతుందనుకున్న ధర తగ్గింది. కేంద్రాలవారు కోర్టుకు పోయారు. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2010 జులైలో తీర్పు వచ్చి, ఆ విషయం మళ్లీ మండలి ముందుకే వచ్చింది. ఇటు కంప ధర పెరిగి, అటు కరెంటు ధర కట్టుబడి, మధ్యన నలిగిన కేంద్రాల్లో కొన్ని మూతబడ్డాయి. ఏ పక్షం న్యాయం ఎంత అన్నది ఇక్కడ మన విచారణ కాదు. నేర్చుకోవలసింది ఒకటి వున్నది. కరెంటు ధరకు ఒప్పందం వున్నది, కంప ధరకు ఒప్పందం లేదు. ఒక అంచును కట్టి రెండో అంచును వదిలేసిన గోనెసంచి అది.

అడవి ఆముదం ఆశలు

తరువాతి కథ మీలో చాలామందికి గుర్తుండే వుంటుంది. 2003 ఏప్రిల్‌లో ప్రణాళికా సంఘం కమిటీ ఒక నివేదిక ఇచ్చింది. డీజిలులో నూటికి 20 వంతులు చెట్టుగింజల నూనె కలపాలంటే కోటి హెక్టార్లకు మించి జట్రోఫా, అంటే అడవి ఆముదం, వెయ్యాలని లెక్క కట్టింది. నీళ్లు అక్కరలేదు, మేకలు ముట్టవు, బీడులో బంగారం పండుతుంది అన్నారు. 2005లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఈ పనికి ప్రత్యేకంగా ఒక అభివృద్ధి సంస్థనే పెట్టింది. మన రాష్ట్రంలో కూడా వానలు తక్కువ పడే జిల్లాల్లో మొక్కలు పంచారు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టయింది. బీడులో బతికే చెట్టు బీడులో కాయాలని లేదు. వాననీటి మీద వేసినచోట దిగుబడి చెప్పినదానికి చాలా తక్కువగా వచ్చింది. కాపు పట్టడానికి మూడు నాలుగేళ్లు. మేలైన విత్తనం తయారు కాకముందే తోటలు నాటించారు. 2005 అక్టోబరులో కేంద్రం లీటరు 25 రూపాయల కొనుగోలు ధర ప్రకటించింది. ఆ ధరకు నూనె తీసి అమ్మితే ఖర్చే రాలేదు, అందుచేత కొనుగోలు కేంద్రాలకు సరుకూ రాలేదు. ఇక్కడ నష్టం ఎవరు మోశారు? నర్సరీవారికి మొక్కల డబ్బు ముట్టింది. మూడేళ్లు పొలం అప్పగించి కూర్చున్న రైతుకు మాత్రం పరిహారం ఏ కాగితంలోనూ లేదు.

అదే రోజుల్లో, మన రాష్ట్రంలోనే, వేరొక పద్ధతి కూడా నడిచింది. ఆనాటి ఆదిలాబాదు జిల్లాలో ఉట్నూరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ పరిధిలో పవర్‌గూడ అనే చిన్న గోండు గూడెం వున్నది. అక్కడి స్త్రీల పొదుపు సంఘాలవారు అడవిలోని కానుగ గింజలు ఏరుకొనేవారు. ప్రభుత్వ సంస్థ నూనె గానుగ పెట్టడానికి తోడ్పడింది. ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు సలహా ఇచ్చారు. సంఘమే గానుగ నడిపింది, సంఘమే కొత్తగా కానుగ మొక్కలు నాటింది. పదేళ్లలో ఇక్కడ తీసే 51 టన్నుల కానుగ నూనె డీజిలుకు బదులుగా వాడితే గాలిలో చేరకుండా ఆగిపోయే బొగ్గుపులుసు వాయువు ఎంతో లెక్క కట్టారు. అందులో 147 టన్నులకు 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు ఇచ్చి కొన్నది. వాషింగ్టన్‌లో జరిగిన ఒక సదస్సుకు విమానాల్లో వచ్చినవారి ప్రయాణపు పొగకు అది పరిహారం.

645 డాలర్లంటే ఆనాటి లెక్కకు దాదాపు 29 వేల రూపాయలు. పెద్ద మొత్తం కాదు. కాని ఆ అమ్మకం కాగితంలో అమ్మినవారు ఎవరు? ఆ గూడెం స్త్రీలే. గింజ వారిది, గానుగ వారి చేతిలోది, నూనె తీయగా మిగిలిన తెలగపిండి వారి పొలానికే ఎరువు. కానుగ పిండిలో నూటికి 4 పాళ్ల దాకా నత్రజని వుంటుందని మీకు తెలిసిందే. పైగా కానుగ మనకు పరాయి చెట్టు కాదు. గట్టుమీద, కాలువ ఒడ్డున, దారి పక్కన పెరిగేది. పొలం అప్పగించి ఎదురు చూడవలసిన పని లేదు. కర్ణాటకలో కూడా హాసన్ దగ్గర మాదేనూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయంవారు పెట్టిన జీవ ఇంధన వనం ఈ గట్టుచెట్ల పద్ధతినే రైతులకు చెప్పింది. గింజ తక్కువైన ఏడు నష్టం కూడా తక్కువే. జట్రోఫాకూ కానుగకూ మధ్య వున్న తేడా చెట్టులో కొంత, ఒప్పందంలో మరింత.

పెట్రోలులో ఇథనాలు

1948లో మొదలై ఆగిపోయిన ఆల్కహాలు కథ 2003 జనవరిలో మళ్లీ మొదలయింది. తొమ్మిది రాష్ట్రాల్లో పెట్రోలులో నూటికి 5 పాళ్లు ఇథనాలు కలపాలని ఉత్తర్వు వచ్చింది. ఆ తొమ్మిదింటిలో ఆంధ్ర ప్రదేశ్ ఒకటి. వెంటనే వానలు తప్పి, చెరకు తగ్గి, మడ్డి చాలక పథకం కుంటుపడింది. 2013-14 నాటికి దేశం మొత్తంమీద కలిసింది నూటికి ఒకటిన్నర పాళ్లే. 2018 జాతీయ విధానం పాడైన ధాన్యాన్ని, నూకలను, మొక్కజొన్నను కూడా ఇందుకు వాడుకోనిచ్చింది. ధరలు ముందుగా ప్రకటించారు. 2022 జూను నాటికి నూటికి 10 పాళ్లు, 2025 నాటికి ఇంచుమించు 20 పాళ్లు కలిసింది. మొక్కజొన్నకు కొత్త గిరాకీ వచ్చింది. కోళ్ల దాణావారికి పోటీ వచ్చింది. అది వేరే చర్చ.

ఇందులోనూ పొత్తులోని లోటు ఒకటి బయటపడింది. ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టాలన్నది ప్రభుత్వమూ, పెట్టుబడిదారులూ తేల్చుకున్నారు. నీరు, గాలి, పొలం ఎవరివో వారిని అడిగారా అన్నది వెనుకపడింది. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో రైతులు, స్త్రీలు రోడ్డుమీదికి వచ్చారు. అధికారులు అక్కడి ఇథనాలు ఫ్యాక్టరీ పనులు నిలిపివేశారు. గోడలు లేచిన తరువాత జరిగిన సంభాషణ గోడలకు ముందు జరిగివుంటే ఎవరికి నష్టం? పుర గ్రామంలో శాస్త్రజ్ఞులు ముందు అడిగారు, అందుకే పథకాన్నే మార్చుకున్నారు.

ఇప్పుడు మీ ముందుకు రానున్నది

2018 అక్టోబరులో కేంద్రం 'సతత్' అనే పథకం పెట్టింది. గడ్డి, పేడ, మడ్డిబురదల నుంచి గ్యాసు తీసి, శుద్ధి చేసి, బండ్లలో వాడే గ్యాసుగా అమ్మడం దీని ఉద్దేశం. 5,000 ప్లాంట్లు కట్టాలని గురి పెట్టుకున్నారు. అనుకున్న గడువులో లేచినవి అందులో స్వల్పభాగమే. 2024 నవంబరులో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం, రిలయన్స్ సంస్థ కలిసి ఒక అంగీకారం కుదుర్చుకున్నాయి. 65 వేల కోట్ల రూపాయల పెట్టుబడితో 500 ప్లాంట్లు అన్నారు. 2025 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా దివాకరపల్లిలో మొదటి ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. బీడు భూముల్లో నేపియర్ వంటి గడ్డి పెంచి గ్యాసు తీస్తామని చెబుతున్నారు.

ఇది మంచిదా, చెడ్డదా అని ఇక్కడినుంచి తీర్పు చెప్పడం సాధ్యం కాదు. మంచి ఒప్పందం అయితే బీడు కౌలుకు పోతుంది, కుర్రవాళ్లకు పని దొరుకుతుంది, గ్యాసు తీసిన తరువాత మిగిలిన ఎరువు పొలాలకు చేరుతుంది. ఒప్పందం సరిగా లేకపోతే అడవి ఆముదం కథ మళ్లీ వినవలసి వస్తుంది. కాబట్టి మన చరిత్ర నేర్పిన సంగతులను వరసగా చెప్పుకుందాం. విస్తరణాధికారులు వీటిని గ్రామసభలో చదివి వినిపిస్తే మేలు.

మొదటిది: సరుకు తూకం. గడ్డి అమ్మినా, గింజ అమ్మినా, పేడ ఇచ్చినా తూకం, తేమ కొలత రైతు కళ్ల ముందు జరగాలి. పుర గ్రామంలో రెండు పైసలకే తూకం వేశారు.

రెండవది: ధర ఎన్నాళ్లకు? తయారైన గ్యాసుకు పదిహేనేళ్ల ఒప్పందం వుండి, గడ్డికి ఏడాది మాట మాత్రమే వుంటే, అది ఊక కరెంటు కథే. రెండు అంచులూ కలిపి కట్టమని అడగాలి. డీజిలు, కూలి పెరిగితే గడ్డి ధర కూడా పెరిగే లెక్క అందులో వుండాలి.

మూడవది: పొలానికి తిరిగి వచ్చేది ఎంత? టన్ను వరిగడ్డి పొలం దాటితే దానితోపాటు 5 నుంచి 8 కిలోల నత్రజని, 12 నుంచి 20 కిలోల దాకా పొటాషియం పోతాయి. తన్ను మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అని పెద్దలు ఊరకే అనలేదు. ప్లాంటులో మిగిలే ఎరువు ఇచ్చిన గడ్డికి తగినట్టు రైతుకు తిరిగి రావాలి. అది ఉచితమా, ధరకా, ఎవరు తోలుతారు అన్నది రాసుకోవాలి. పశువుల మేతకు కావలసిన గడ్డిని ముందే పక్కన పెట్టుకోవాలి.

నాలుగవది: పంట పోతే, ప్లాంటు మూతబడితే? పొలం కౌలుకిస్తే ఎన్నేళ్లకు, మధ్యలో వదిలిపోతే పొలాన్ని ఏ స్థితిలో అప్పగించాలి, కౌలు బాకీకి హామీ ఎవరు - ఇవి రాసి వుండాలి. నష్టం ఎవరిదో రాయని కాగితంలో నష్టం రైతుదే.

అయిదవది: సంతకం ఎవరిది? ఒంటరి రైతు పెద్ద సంస్థతో బేరం చెయ్యలేడు. పవర్‌గూడ స్త్రీలు సంఘంగా అమ్మారు. మీ వూళ్లో పొదుపు సంఘమో, రైతుల ఉత్పత్తి సంఘమో, సహకార సంఘమో వుంటే ఒప్పందం దాని పేర జరగాలి. నీళ్లు ఎక్కడనుంచి తెస్తారో, మురుగు ఎక్కడ వదులుతారో గ్రామసభలో ముందే తేలాలి.

రైతు సోదరులారా! ఊక, కంప, పేడ, కానుగ గింజ - ఇవి లేకుండా ఏ ప్లాంటూ ఒక్క రోజు నడవదు. కాబట్టి ఈ పొత్తులో మీరు అడిగేది దయ కాదు, వాటా. చెరకు రైతుకు ఆ వాటా కాగితం మీదికి ఎక్కడానికి 75 ఏళ్లు పట్టింది. గడ్డి విషయంలో అంతకాలం ఆగనక్కరలేదు. కాగితం వచ్చిన రోజున వెంటనే సంతకం పెట్టకండి. దాన్ని తెలుగులో రాయించుకొని, పదిమంది కూర్చుని, పైన చెప్పిన అయిదు సంగతులూ అందులో వున్నాయో లేదో చదివి చూసుకోండి. లేనిదాన్ని రాయమని అడగండి. మీ వ్యవసాయ విస్తరణాధికారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.